గోరింట పెట్టుకున్న దిష్టిచుక్క

ఒకప్పుడు గోరింట పచ్చగా ఉండేది కాదు. మొదలు నుంచి చిగురు దాకా ఎర్రగా ఉండేది. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? అంత ఎర్రగా ఉన్నది ఇలా పచ్చగా ఎందుకైందో చెప్తాను. మధ్యలో నాకు కోపం వస్తే మాత్రం మీరేమీ అనుకోకూడదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లో దేవుడు చెట్లకు రంగులు పంచాడు. తంగేడుకు పసుపు ఇచ్చాడు. శంఖుపువ్వుకు నీలం ఇచ్చాడు. గరికకు ఎంత తొక్కినా మాయని ఆకుపచ్చ ఇచ్చాడు. మందారకూ మిరపకూ ఎరుపు ఇచ్చాడు. కానీ ఆ ఎరుపు వాటి ఒంటికి సరిపోయేంతే. మందార పువ్వును అరచేతిలో ఎంత నలిపినా, చెయ్యి కడుక్కుంటే పోతుంది.

చివరికి రంగుల బుట్ట అడుగున ఒక్క రంగు మిగిలింది. అదీ ఎరుపే, కానీ మామూలు ఎరుపు కాదు. తాకినవాళ్ళకు అంటుకునే ఎరుపు. ఒకసారి అంటుకుంటే కడిగినా పోని ఎరుపు. దీన్ని ఎవరి చేతిలో పెట్టాలా అని దేవుడు చుట్టూ చూశాడు. మెట్ట మీద, రాళ్ళ మధ్య, ఒక బక్కపలచని మొక్క నిలబడి ఉంది. నాకూ కావాలని అడగలేదు. ముందుకు తోసుకుని రాలేదు. “పాపం, నెమ్మదస్తురాలు” అనుకున్నాడు దేవుడు. నెమ్మదికీ పిరికితనానికీ తేడా ఆయన కూడా ఒక్కోసారి చూసుకోడు కాబోలు.

“గోరింటా, ఇదిగో అమ్మా, ఇది నీకు” అన్నాడు. “ఒళ్ళంతా పూసుకో. అయితే ఇది నీ ఒక్కదానికోసం కాదు. రంగు కావలసినవాళ్ళు నీ దగ్గరికి వస్తారు. వాళ్ళను నీ ఆకులకు రాసుకోనివ్వు. ఎరుపు వాళ్ళకు అంటుకుంటుంది.”

“మరి నాకు తగ్గిపోతే స్వామీ?” అంది గోరింట.

“తగ్గదు.”

“ఒకవేళ తగ్గితే?”

“తగ్గదని చెప్తున్నానుగా!”

“తగ్గదనుకోండి. కానీ, తగ్గిందనుకోండి...”

దేవుడు నుదురు పట్టుకున్నాడు. అవతల ఏనుగు, చెవులు ఇంకా పెట్టించుకోకుండా కూర్చుని ఉంది. ఆయనకు బోలెడు పని. “నువ్వు పంచు తల్లీ, మిగతాది నేను చూసుకుంటాను” అని చెప్పి వెళ్ళిపోయాడు.

మొదట్లో అంతా బాగానే ఉంది. గోరింట ఎర్రగా మెరిసిపోయేది. ఆ మెట్ట మీదికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూసేవారు. పక్కనే ఉన్న తంగేడు కూడా ఏమీ అసూయ పడలేదు. తన పసుపు తనకుంది, సీతాకోకచిలుకలు వచ్చి అడిగితే రెక్కలకు పూసి పంపేది. ఎంత పూసినా మర్నాటికి మళ్ళీ ఒళ్ళంతా పసుపే.

ఒకరోజు కాకి అటుగా ఎగురుతూ ఆగింది. “అబ్బ! ఎంత ఎర్రగా ఉన్నావే గోరింటా! కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను సుమా!” అని వెళ్ళిపోయింది. పాపం కాకి మంచి మాటే అంది.

ఆ రోజు ఎండ మండిపోయింది. మధ్యాహ్నానికి గోరింట కొమ్మ ఒకటి వాడి తల వేలాడేసింది.

“అక్కా, అక్కా! చూశావా?” అని తంగేడును పిలిచింది గోరింట. “కాకి కళ్ళు పడ్డాయి. నాకు దిష్టి తగిలింది.”

“దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఎండకు వాడింది. నావీ రెండు కొమ్మలు వాడాయి, నేనేమన్నా ఏడుస్తున్నానా?” అంది తంగేడు.

గోరింట వినిపించుకుంటేగా! కాళ్ళ దగ్గర ఉన్న గరికను బతిమాలి కాస్త ఆకుపచ్చ తీసుకుంది. ఒక ఆకు మీద చిన్న దిష్టిచుక్క పెట్టుకుంది. సరే, చుక్కే కదా, పెట్టుకోనీ. చంటిపిల్లలకు మనమూ పెడతాం.

మర్నాడు ఒక మేక వచ్చి దాని వంక తేరిపార చూసింది. గోరింట ఇంకో చుక్క పెట్టుకుంది. ఆ మర్నాడు గాలి వచ్చి “ఎర్ర చీర కట్టుకున్నావా వదినా?” అని సరదాకి అంది. ఇంకో నాలుగు చుక్కలు. ఉడుత చూస్తే ఒక చుక్క. మబ్బు చూస్తే ఒక చుక్క. ఎవరూ చూడకపోతే, చాటుగా చూస్తున్నారేమోనని ఇంకో చుక్క. అడిగిన ప్రతిసారీ గరిక విసుక్కోకుండా ఇస్తూనే ఉంది. ఇవ్వడం వల్ల గరిక ఏమన్నా వెలిసిపోయిందా? కళ్ళెదురుగా అది కనబడుతున్నా గోరింటకు బుద్ధి రాలేదు చూడండి, అక్కడే నాకు మండేది.

అలా చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోయి, చివరికి ఆకులన్నీ పచ్చగా అయిపోయాయి. ఎరుపు ఎక్కడన్నా బయటికి కనబడుతుందేమోనని దాన్ని ఆకుల లోపలికి, ఈనెల్లోకి పీల్చుకుంది. పీల్చుకుని గట్టిగా బిగపట్టింది.

తంగేడుకు చిర్రెత్తుకొచ్చింది.

“ఏమే! ముఖాన చుక్క పెట్టుకునేవాళ్ళను చూశాను గానీ, చుక్కలోనే ముఖం పెట్టుకునేదాన్ని నిన్నే చూస్తున్నాను! దేవుడు ఆ రంగు ఇచ్చింది ఇందుకేనా?”

“భద్రంగా దాచానక్కా. ఆయన వచ్చి అడిగితే ఎంత ఇచ్చాడో అంతా తిరిగి అప్పజెప్తాను.”

“ఆయన తనకే కావాలనుకుంటే నీకెందుకిస్తాడే?”

గోరింట ముఖం తిప్పేసుకుంది. ఆకులు ముడుచుకుని కూర్చుంది.

ఇంతలో తొలకరి పడింది. మట్టివాసన గుప్పుమంది. నేల లోపలి నుంచి ఆరుద్ర పురుగులు బయటికి వచ్చాయి. మీరు చూసే ఉంటారు, తొలి వానలకు మట్టి మీద మెల్లమెల్లగా నడిచే పురుగులు. కానీ అప్పట్లో అవి ఇప్పటిలా ఉండేవి కావు. తెల్లగా, మెత్తగా, వెన్నముద్దల్లా ఉండేవి. కుట్టడం రాదు, కరవడం రాదు, పరిగెత్తడం అసలే రాదు. ఏడాదంతా నేల కింద ఉండి, వాన వాసన తగలగానే పిల్లాపాపలతో షికారుకు వచ్చేవి. కాకి కింద వాలి ఒక్కొక్కదాన్నే ముక్కున కరుచుకునేది. కాకిని అని లాభం లేదు, దాని గూట్లోనూ పిల్లలున్నాయి.

ఒక తల్లి ఆరుద్ర తన పిల్లలను ఆకు కింద దాచి, పడుతూ లేస్తూ దేవుడి దగ్గరికి వెళ్ళింది.

“స్వామీ, ఎంతమందిని కన్నా వానాకాలం వెళ్ళేలోగా నా ఒళ్ళో ఎవరూ మిగలడం లేదు. మాకు కోరలైనా ఇవ్వు, తేలుకున్నట్టు కొండి అయినా ఇవ్వు.”

“కోరలెందుకమ్మా?” అన్నాడు దేవుడు. “మీరు ఎర్రగా ఉంటే చాలు. నిప్పులాంటి పురుగును చూస్తే విషమేమోనని ఏ పిట్టా ముట్టుకోదు. మీకోసమే కదా ఆ ఎరుపు గోరింట దగ్గర పెట్టాను! వెళ్ళి దాని ఆకులకు ఒళ్ళు రాసుకోండి. నేను పంపానని చెప్పు.”

ఆరుద్ర సంబరంగా తిరిగొచ్చింది. మెట్టంతా వెతికింది. ఎర్ర మొక్క ఎక్కడా లేదు. చివరికి తంగేడును అడిగింది.

“ఇదిగో, నా పక్కన బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది చూడు, ఇదే” అంది తంగేడు.

“పెద్దమ్మా, గోరింట పెద్దమ్మా! దేవుడు పంపాడు. కాస్త ఎరుపు ఇస్తావా? మా పిల్లలు బతుకుతారు” అని అడిగింది ఆరుద్ర.

గోరింట లెక్కలు వేసుకుంది. ఇవాళ దీనికిస్తే రేపు దీని చుట్టాలు వస్తారు. ఎల్లుండి ఊరూవాడా వస్తుంది. అందరూ రాసుకుంటే నాకేం మిగులుతుంది? అసలు నా దగ్గర ఎరుపుందని తెలిస్తే నన్ను బతకనిస్తారా? ఇలా వెయ్యి ఆలోచించింది. ఆరుద్ర పిల్లల సంగతి ఒక్కటే ఆలోచించలేదు.

“ఎరుపా? నా దగ్గరెక్కడిదమ్మా? కనబడటం లేదూ, నేను ఆకుపచ్చగా ఉంటే!” అంది.

తంగేడు నోరు తెరిచింది గానీ, మాట రాలేదు. ఇంత పచ్చి అబద్ధం అది ఎన్నడూ వినలేదు.

ఆరుద్ర ఏమనుకుందో ఏమో, ఒకసారి ఆకుకు ఒళ్ళు రాసుకుని చూసింది. తెల్లగానే ఉంది. “దేవుడు పొరబడ్డట్టున్నాడు పెద్దమ్మా” అని వెళ్ళిపోయింది. తప్పు దేవుడి మీదికి పోయింది. దాచుకున్నది మాత్రం నోరు విప్పలేదు.

ఆ వానాకాలమంతా కాకి వాలుతూనే ఉంది. వాలినప్పుడల్లా గోరింట కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే చావులు ఆగిపోతాయా? నాకైతే అక్కడికి వెళ్ళి ఆ మొక్కను రెండు భుజాలూ పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది.

మరుసటి ఏడు తొలకరి వచ్చింది. నేలలోంచి చాలా కొద్ది ఆరుద్రలే బయటికి వచ్చాయి. మన ఆరుద్ర వెంట ఒక్కతే కూతురు మిగిలింది. ఆరుద్ర ఈసారి గోరింటను ఏమీ అడగలేదు. అటువైపు చూడను కూడా చూడలేదు, తల వంచుకుని ముందుకు నడిచిపోయింది. తిడితే పడేదేమో గానీ, అలా చూడకుండా పోవడం గోరింటకు ముల్లులా దిగింది.

తల్లి ముందు నడుస్తోంది. కూతురు వెనకబడింది. చిన్న కాళ్ళు, పైగా తడి మట్టి.

“అమ్మమ్మా, కాళ్ళు నొప్పెడుతున్నాయి. నీ నీడలో కాసేపు కూర్చోనా?” అని గోరింటను అడిగింది ఆ పిల్ల.

“కూర్చోమ్మా” అంది గోరింట. ఒక కొమ్మ పక్కకు జరిపి చోటిచ్చింది.

పిల్ల కూర్చుందో లేదో, మీద కాకి నీడ పడింది.

అప్పుడు గోరింట కళ్ళు మూసుకోలేదు. “ఎరుపూ, రా! బయటికి రా! ఈ పిల్లకు అంటుకో!” అని లోపల్లోపల కేకలు పెట్టింది. ఎరుపు రాలేదు. ఆకులు విదిల్చింది. రాలేదు. అన్నాళ్ళు బిగబట్టి, పైన చుక్కలతో మూసేసి, ఇప్పుడు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది? దాచిపెట్టిన చెయ్యే దాన్ని తిరిగి తీయలేకపోయింది. గోరింటకు ఏడుపు వచ్చేసింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. గోరింట తన కొమ్మలన్నీ వంచి, పిల్ల మీద కప్పేసి, నేలకు అదిమిపెట్టింది.

“లే గోరింటా! అది నా పిల్లల కూడు” అంది కాకి.

“లేవను.”

“లేవకపోతే ఆకులు చీల్చేస్తాను!”

అన్నాళ్ళూ గోరింట దేనికి భయపడిందో అదే వచ్చి ఎదురుగా నిలబడింది. వణుకుతూనే చెప్పింది. “చీల్చుకో. లేవను.”

కాకి టపటపా పొడిచింది. ఆకులు చిరిగాయి. ముక్కు దెబ్బలకు రాళ్ళ మీద పడి నలిగి ముద్దయ్యాయి. సన్నగా తుంపర పడుతోంది, ఆ తడికి ముద్ద జారి పిల్ల ఒంటి మీద పడింది. కాకి నోట్లోకి కాస్త పసరు పోయింది. “థూ! చేదు!” అని ఊసింది. “ఎప్పటికైనా నడుం నొప్పి పుట్టి లేస్తావుగా! ఇక్కడే కూర్చుంటాను” అని వెళ్ళి తంగేడు మీద వాలింది.

“నా మీద వాలి దాన్ని బెదిరిస్తావా?” అని తంగేడు కొమ్మ విదిల్చింది. కాకి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాకి పట్టుదల మీకు తెలియంది కాదు.

తల్లి ఆరుద్ర వెనక్కి తిరిగి చూసింది. కూతురు లేదు. కాకి కూర్చుని ఉంది. పాపం, అంతా అయిపోయిందనుకుని అక్కడే ఒక రాయి చాటున కూలబడింది.

పొద్దు నెత్తిమీదికి వచ్చింది, పడమటికి దిగింది. గోరింట కదల్లేదు. నడుం విరిగిపోతోంది. చిరిగినచోటల్లా మంట. అయినా లేవలేదు. ఈ కథంతటిలో దాని మీద నాకు కోపం రాని చోటు ఇదొక్కటే.

చివరికి ఆకుల కింద నుంచి సన్నగా మాట వినిపించింది. “అమ్మమ్మా, ఊపిరాడటం లేదు. కొంచెం లేవవా?”

లేస్తే కాకి. లేవకపోతే పిల్ల ఊపిరి. గోరింట ఏడుస్తూ మెల్లగా కొమ్మలు పైకెత్తింది. కాకి రివ్వున వచ్చి వాలింది. ముక్కు తెరిచింది. తెరిచిన ముక్కు తెరిచినట్టే ఉండిపోయింది.

కింద తెల్ల పురుగు లేదు. నిప్పురవ్వలాంటి పురుగు ఉంది. ఎండి రాలుతున్న ఆకు ముద్ద లోంచి, ఎర్రెర్రగా, మెత్తగా, ఒళ్ళు దులుపుకుంటూ బయటికి వచ్చింది.

“అమ్మో, విషప్పురుగు!” అని కాకి ఒక్క గెంతు వెనక్కి గెంతింది. “ఇందాకటి చేదు దీనిదేనేమో! నా పిల్లలకు పెట్టుంటేనా!” అని అరుచుకుంటూ ఎగిరిపోయింది.

తల్లి ఆరుద్ర పరిగెత్తుకొచ్చింది. పరిగెత్తడం రాదన్నాను కదా, ఆ రోజు మాత్రం వచ్చింది. కూతురిని వాటేసుకుని ఏడ్చింది. తరువాత తలెత్తి గోరింట వంక చూసింది.

“అయితే నీ దగ్గర ఉందన్నమాట పెద్దమ్మా.”

“ఉందమ్మా” అంది గోరింట. “అప్పుడూ ఉంది.”

ఆరుద్ర కూతురి ఒంటి మీది ఆకు పొడి దులిపింది. తరువాత, “మిగిలినవాళ్ళను పిలుచుకొస్తాను” అని మాత్రం అంది.

గోరింట పక్కనున్న గుండ్రాయిని పిలిచింది. “అన్నా, నా ఆకుల మీద దొర్లు. బాగా నూరు.”

“నొప్పెడుతుందే పిచ్చిదానా!” అంది రాయి.

“నూరన్నా. నొప్పి సంగతి నేను చూసుకుంటాను.”

రాయి దొర్లింది. ఆకు ముద్దయింది. మిగిలిన ఆరుద్రలన్నీ అందులో తెల్లవారేదాకా పడుకుని, ఎర్రగా పండి లేచాయి. గోరింట కొమ్మలకు ఒక్క ఆకు మిగల్లేదు. “ఇక నా పని అయిపోయింది” అనుకుంది. కానీ నాలుగు వానలు పడ్డాయో లేదో, తుంచినచోటల్లా రెండేసి చిగుళ్ళు వచ్చాయి. నలిపి చూస్తే లోపల ఎరుపు ఎప్పటంతే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు.

దాన్ని చూసి గోరింట సంతోషించలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. తగ్గదని దేవుడు ముందే చెప్పాడు. నమ్మి ఉంటే ఆ పిల్లలంతా ఉండేవారు.

అప్పటికి ఏనుగు చెవుల పని ముగించుకుని దేవుడు వచ్చాడు. గోరింటను చూసి అలాగే నిలబడిపోయాడు.

“ఇదేంటమ్మా? ఎర్రగా పంపితే ఇలా పచ్చగా ఉన్నావేం?”

గోరింట దాచకుండా అంతా చెప్పింది. వింటున్నకొద్దీ దేవుడి ముఖం చిన్నబోయింది.

“స్వామీ, ఈ పచ్చదనం తీసేసి నన్ను మళ్ళీ ఎర్రగా చెయ్యండి. ఇక దాచను. ఎవరు ముట్టుకున్నా రంగు అంటుకోవాలి” అని వేడుకుంది గోరింట.

“ఎలా చెయ్యనే?” అన్నాడు దేవుడు విసుగ్గా. “నేను పైన పూసింది నువ్వు లోపలికి ఇంకించుకున్నావు. ఈనెల్లో పాకింది, వేళ్ళలోకి దిగింది. ఇక నేను పిలిచినా రాదు. ఎవరైనా నిన్ను తుంచి, నూరి, ఓపిగ్గా ఒంటికి పెట్టుకుంటేనే వస్తుంది.”

“పచ్చగా ఉన్నదాన్ని చూసి, లోపల ఎరుపుందని ఎవరనుకుంటారు స్వామీ? ఎవరు తుంచుతారు? మళ్ళీ నా దగ్గరే ఉండిపోతుందేమో!” అని గోరింట గాభరా పడింది.

ఒకప్పుడు ఎరుపు తగ్గుతుందని ఏడ్చింది, ఇప్పుడు మిగిలిపోతుందని ఏడుస్తోంది. దేవుడికి కోపం పోయి నవ్వొచ్చింది. ఆయన దాని కొమ్మ చివర్ల గుప్పెడు తెల్లటి పూత పెట్టాడు. పూలు పూలుగా ఏమంత గొప్పగా లేవు. కానీ వాటిలోంచి ఘుమఘుమా వాసన లేచి మెట్ట దిగి ఊళ్ళోకి పోయింది.

“వాసన ఇస్తున్నాను. రంగుకు పూసినట్టు దీనికి పైన ఏమీ పూయలేవు. ఎక్కడున్నావో అందరికీ అదే చెప్పేస్తుంది. ఈసారి దాచు చూస్తాను!” అన్నాడు దేవుడు.

ఆ వాసన పట్టుకునే ఊళ్ళో ఆడపిల్లలు మెట్ట ఎక్కి వచ్చారు. ఆకు నలిపి చూసి, కాసేపటికి ఎర్రబడ్డ వేళ్ళు చూసుకుని కేరింతలు కొట్టారు. ఒడినిండా ఆకు కోసుకుని ఇంటికి పరిగెత్తారు.

అప్పటినుంచే గోరింటాకు పైకి పచ్చగా ఉంటుంది, నూరి పెట్టుకుంటే గానీ ఎర్రగా పండదు. అప్పటినుంచే ఆరుద్ర పురుగు తొలకరికి ఎర్రటి ముఖమల్ కప్పుకుని బయటికి వస్తుంది. ఏ కాకీ దాని జోలికి పోదు. గోరింట పూత వాసన చెట్టు కనబడకముందే మనల్ని పిలుస్తుంది, ఎంత కోసినా అది చిగురు వేస్తూనే ఉంటుంది. ఆషాఢంలో ఆ చెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. కోసుకుపోయినవాళ్ళందరి చేతులూ ఎర్రగా పండి ఉంటాయి. గోరింట మాత్రం ఈనాటికీ ఒక్క ఎర్ర పువ్వు పూయలేదు.